మూడో పెడల్

పార్లమెంటు గురించో, పొత్తుల గురించో, గవర్నర్ల విచక్షణాధికారాల గురించో నేను రాస్తానని ఎదురుచూసే పాఠకులు ఈసారికి మన్నించాలి. గడచిన నాలుగైదు నెలలుగా నా ఆలోచనల్లో పెద్ద భాగాన్ని ఆక్రమించుకున్నది ఏ రాజ్యాంగ సవరణ బిల్లూ కాదు, ఒక చిన్న కారు. ఇంకా నిర్దిష్టంగా చెప్పాలంటే, ఆ కారులో నా ఎడమ పాదం కింద ఒక పెడల్ ఉండాలా వద్దా అన్న ప్రశ్న. ఇంత స్వల్ప విషయానికి ఇంత మీమాంస ఎందుకని మొదట్లో నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను. తవ్వుతూ పోయిన కొద్దీ అది అంత స్వల్ప విషయం కాదని తేలింది.

2010 ఆగస్టులో కొన్న మా పెట్రోలు కారుకు ఈ ఆగస్టుతో పదిహేనేళ్లు నిండాయి. పదేళ్లు దాటిన డీజిలు వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు దేశ రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించిన సంగతి, 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరచిన సంగతి తెలిసినవే. ఈ జూలై 1 నుంచి ఢిల్లీ పెట్రోలు బంకుల్లో కెమెరాలు పెట్టి, నంబరు ప్లేటు చూసి, వయసు మీరిన వాహనాలకు ఇంధనం పోయకూడదన్నారు. జనాగ్రహం చూసి వారం తిరిగేలోపే వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసు కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు తీసుకోవద్దన్నది. ఊరటే. కానీ ఎప్పుడు మారుతుందో తెలియని ఒక మధ్యంతర ఉత్తర్వును అద్దానికి అంటించుకుని రోజూ కార్యాలయానికి వెళ్లడం నా వల్ల కాలేదు. ఇరవై రెండేళ్లుగా కోర్టు వార్తలు రాస్తున్న అనుభవం అట్లాంటి ఉత్తర్వులను నమ్మనివ్వదు.

కొత్త కారు కొనాలని నిశ్చయించుకున్నాక, నాకు కావలసింది ఏమిటో నాకు స్పష్టంగానే తెలుసు. చెప్పుకోవడానికే కాస్త సిగ్గు. నలభై ఆరేళ్ల స్త్రీ, ఎదిగిన కూతురు ఉన్న తల్లి, ప్రజా రవాణా గురించి సంపాదకీయాలు రాసే మనిషి, తనకు ‘స్పోర్టీ’ కారు కావాలనడం కొంత విడ్డూరంగానే ధ్వనిస్తుంది. నా ఉద్దేశంలో ఆ మాటకు అర్థం వేగం కాదు. గంటకు 150 కిలోమీటర్లతో వెళ్లవలసిన అవసరం నాకు లేదు, వెళ్లే చోటూ లేదు. నేలకు దగ్గరగా కూర్చోబెట్టేది, పొట్టిగా ఉండేది, స్టీరింగు ఎంత తిప్పితే అంతే తిరిగేది, కాలు నొక్కగానే జవాబు చెప్పేది. ఇప్పుడు ఊరంతా ఎత్తైన ఎస్‌యూవీల మోజులో ఉంది. పక్కనే ఎవరైనా నిలబడితే కనపడనంత ఎత్తున కూర్చుని కారు నడపడం నాకు ఎన్నడూ రుచించలేదు. సభల్లో వేదిక మీద కూర్చునే వాళ్లను చూసీ చూసీ వచ్చిన విరక్తి కావచ్చు.

అట్లాంటి కార్లు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఎందుకున్నాయని వెదకబోతే, దారి తిన్నగా ఆర్థిక మంత్రిత్వ శాఖకు చేరింది. 2006-07 బడ్జెట్‌లో పి. చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా అప్పుడే నిర్వచించారు. పొడవు 4,000 మిల్లీమీటర్లకు మించరాదు, పెట్రోలు ఇంజను 1,200 సీసీకి, డీజిలు ఇంజను 1,500 సీసీకి లోబడాలి. ఆ ఒక్క వాక్యం తరువాతి రెండు దశాబ్దాల భారతీయ కారు ఆకారాన్ని నిర్ణయించింది. వెనక డిక్కీని కత్తిరించినట్టుండే సెడాన్లు, ముందూ వెనకా బంపర్లను అదిమి పుట్టించిన ఎస్‌యూవీలు అన్నీ ఆ వాక్యం సంతానమే. ఐరోపాలో 4,040 మిల్లీమీటర్లు ఉన్న ఐ20 మన దగ్గర 3,995 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది. అక్కడ అదే కారు 1.6 లీటర్ల ఇంజనుతో, 204 హార్స్‌పవర్‌తో ‘ఎన్’ అన్న పేరున అమ్ముడుపోయింది. స్విఫ్ట్ స్పోర్ట్ 1.4 లీటర్ల టర్బోతో వచ్చింది. రెండూ మనకు రాలేదు, వచ్చినా సుంకాల భారంతో చిన్న కారు ధర పలికేవి కావు. అందుకే మన దేశంలో చిన్న స్పోర్టీ కారు అంటే ఒక లీటరు, 1.2 లీటర్ల ఇంజనుకు టర్బో తగిలించినదే. చట్టం గీసిన గిరిలోనే ఇంజనీరు గంతులేయాలి.

గత సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి చిన్న కార్లపై పన్నును 18 శాతానికి తగ్గించినప్పుడు కూడా అవే గీతలు నిలిచాయి. ఆ నెల 22న, నవరాత్రుల తొలి రోజున, కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. అంతకుముందు వారాల్లో ఆ మినహాయింపు ఎవరికి మేలు చేస్తుందన్న దానిపై నేను ఘాటుగానే రాశాను. మొదటి వారంలోనే షోరూముకు పోయి ఆ మేలు అందుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. దీనిపై పాఠకులు వేయబోయే చురకలను ముందుగానే స్వీకరిస్తున్నాను.

సరే, గేర్ల సంగతి.

నాకు కారు నడపడం నేర్పింది డ్రైవింగ్ స్కూలు కాదు. 2007 ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికలప్పుడు మా పత్రిక ఒక డీజిలు ఇండికాను అద్దెకు తీసి ఇచ్చింది. దాని డ్రైవరు అరవై ఏళ్ల పెద్దాయన. మూడు వారాలు నేను వెనక సీటులో ఎడమ వైపు, అంటే ఈ దేశంలో అధికారం కూర్చునే స్థానంలో, కూర్చుని తిరిగాను. ఒక తెల్లవారుజామున గోరఖ్‌పూర్ నుంచి దేవరియా వెళ్లే దారిలో ఆయనకు నిద్ర ఆగలేదు. కారు పక్కకు ఆపి, తాళాలు నా చేతికిచ్చి, “బిటియా, కూర్చో, నేను చెబుతాను” అన్నాడు. నా దగ్గర లెర్నర్ లైసెన్సు ఉందని మాటల సందర్భంలో ఎప్పుడో చెప్పాను, అదే గుర్తుపెట్టుకున్నాడు. ఖాళీ రోడ్డు, చెరకు తోటల మీద మంచు. మొదటి పది నిమిషాల్లో ఆరుసార్లు ఇంజను ఆగింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. “చేతిని చూడకు. ఇంజను అడుగుతుంది, విను. అడిగినప్పుడు ఇవ్వు” అన్నాడు. రెండో గేరు నుంచి మూడో గేరుకు కుదుపు లేకుండా మారిన ఆ మొదటి క్షణాన, అప్పటిదాకా ఎవరో ఒకరు తీసుకువెళితే వెళ్లిన మనిషిని, నన్ను నేను తీసుకువెళుతున్నాను అనిపించింది. ఆ తరువాత వచ్చిన ఏ బైలైనూ అంత సంతోషాన్ని ఇవ్వలేదు.

కనుక మాన్యువల్ గేర్‌బాక్సు నాకు యంత్ర భాగం మాత్రమే కాదు. ఇంతలో 2024 మే నెలలో ఒక ఎన్నికల సభ దగ్గర, పత్రికల వాళ్ల కోసం కట్టిన తాత్కాలిక వేదిక మెట్లు దిగుతూ పడ్డాను. ఎడమ మోకాలిలో మెనిస్కస్ చిరిగింది. శస్త్రచికిత్స అవసరం పడలేదు గానీ, “ఢిల్లీ ట్రాఫిక్‌లో క్లచ్ మానేస్తే మీకే మంచిది” అని వైద్యుడు మెత్తగా చెప్పాడు. విననట్టు నటించాను. ఒక సాయంత్రం రఫీ మార్గ్ నుంచి బయలుదేరి క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతున్నానో లెక్కపెట్టాను. నిజాముద్దీన్ వంతెన దాటేసరికి 140 అయింది. అక్కడితో లెక్క ఆపేశాను, నొప్పి ఆగలేదు.

ఈ నేపథ్యంతో మొదటి షోరూముకు వెళ్లాం. ఏ కంపెనీదన్నది అప్రస్తుతం. నా సహచరుడు కూడా వచ్చాడు. ఆయనకు డ్రైవింగ్ లైసెన్సే లేదు, కార్లంటే ఆసక్తీ లేదు, ఆ మధ్యాహ్నం వేరే పనీ లేదు. సేల్స్‌మన్ మర్యాదస్తుడు. నా ప్రశ్నలన్నీ శ్రద్ధగా విని, జవాబులన్నీ ఆయనకు చెప్పాడు. చివరికి, “మేడమ్ కోసమైతే ఆటోమేటిక్ తీసుకోండి సార్. లేడీస్‌కు సులువు. మాన్యువల్ అంటే... అది డ్రైవింగ్ తెలిసిన వాళ్లు ఎంజాయ్ చేస్తారు” అన్నాడు. నా సహచరుడు నా ముఖం చూసి, సార్ చాలాకాలంగా అలవాటు పడిన మౌనంలోకి వెళ్లిపోయాడు.

ఆ మాట వినేదాకా నేను ఆటోమేటిక్ వైపే మొగ్గి ఉన్నాను. విన్నాక మాన్యువల్ తప్ప మరొకటి కొనేది లేదని తీర్మానించుకున్నాను. తరువాతి ఆదివారం పొద్దున్నే ఒక మిత్రుడి ఐ20 ఎన్ లైన్ అడిగి తీసుకుని గురుగ్రామ్–ఫరీదాబాద్ రోడ్డు మీదికి వెళ్లాను. ఆరావళి గుట్టల మధ్య వంపులు తిరిగే దారి అది. ఒక లీటరు టర్బో ఇంజను, 120 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. మలుపుకు ముందు మూడో గేరుకు దించి, మలుపు మధ్య నుంచి కాలు నొక్కుతూ బయటికి వస్తుంటే పెద్దాయన మాట మళ్లీ వినపడింది. ఇంటికి వచ్చి, నిర్ణయం అయిపోయిందని ప్రకటించాను.

మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది, లైసెన్సు వచ్చింది. ఏడాది కిందట మా పాత కారుతో బారాపుల్లా ఫ్లైఓవర్ ఎక్కే వాలులో ఇంజను ఆపుకుని, వెనక వాళ్ల హారన్ల మధ్య ఏడ్చి, ఆ తరువాత స్టీరింగు ముట్టుకోలేదు. అది నా ప్రకటన విని పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, “నువ్వు గేరు కోసం కొనట్లేదమ్మా, ఆ సేల్స్‌మన్ కోసం కొంటున్నావు” అంది. నేను కోప్పడ్డాను. మాన్యువల్ నేర్చుకోకపోతే డ్రైవింగ్ వచ్చినట్టు కాదని ఉపన్యాసం ఇచ్చాను. రాత్రి పడుకున్నాక, నా ఉపన్యాసానికీ ఆ సేల్స్‌మన్ మాటకూ తేడా ఏమిటని ఆలోచిస్తే పెద్దగా కనపడలేదు. డ్రైవింగ్ తెలిసిన వాళ్లు, తెలియని వాళ్లు అని అతను గీసిన గీతను తుడవాలని నేను అనుకోలేదు. దానికి అవతలి వైపు నిలబడాలని మాత్రమే అనుకున్నాను. గీతకు ఇవతల మా అమ్మాయిని వదిలేసి.

మరుసటి రోజు నుంచి ఆటోమేటిక్‌ల గురించి నిజంగా తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఆ మాట ఒక్కటే గానీ, దాని కింద నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. సేల్స్‌మన్‌లు ఈ తేడాలను చెప్పరు, మనమూ అడగం.

చవకైనది ఏఎంటీ. నిజానికి అది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ, గేరు మార్చే పనీ మన కాలూ చెయ్యీ కాక కంప్యూటరు ఆజ్ఞ మీద ఒక యంత్రాంగం చేస్తుంది. 2014లో మారుతి సెలెరియోతో ఇది సామాన్యుల కార్లలోకి వచ్చింది. క్లచ్ బాధ లేని ప్రయాణాన్ని మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చిన ఘనత దానిదే, తక్కువ చేయకూడదు. అయితే గేరు మారే క్షణంలో శక్తి తెగి, కారు ఒకసారి తలవంచి లేస్తుంది. సీవీటీలో మెట్టు మెట్టుగా ఎక్కే గేర్లుండవు. రెండు కప్పీల మధ్య ఒక బెల్టు, నిష్పత్తి జారుతూ మారుతుంది. మెత్తన. గట్టిగా నొక్కితే మాత్రం ఇంజను ముందు అరుస్తుంది, కారు తరువాత కదులుతుంది. నాకు పడలేదు.

మిగిలినవి రెండు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నూనె ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లను ఊహించుకోండి, ఒకటి తిరిగితే ఆ ఒరవడికి రెండోదీ తిరుగుతుంది. అందువల్ల ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు తీయగానే నీళ్ల మీద పడవలా జరుగుతుంది. టర్బో ఇంజనుతో ఉన్న ఫ్రాంక్స్‌లో ఆరు గేర్లతో వచ్చేది ఇదే. డ్యూయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, మరొకటి 2, 4, 6కు. మూడో గేరులో పోతున్నప్పుడే నాలుగోది సిద్ధంగా నిలబడి ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, రెండోది పట్టడం రెప్పపాటులో జరిగిపోతాయి. ఏ మనిషి కాలూ చెయ్యీ అంత త్వరగా మార్చలేవు. దీని బలహీనత నత్తనడక. చిన్న కార్లలో సాధారణంగా వాడే పొడి క్లచ్, జానెడు జానెడు జరిపే ట్రాఫిక్‌లో సగం పట్టీ సగం పట్టక రాసుకుంటూ వేడెక్కుతుంది. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద ఆపి ఉంచేవాళ్లకు ఈ వాసన తెలుసు.

ఇంకొకటి కూడా ఉండేది, పిడకల వేట అయినా చెప్పక తప్పదు. ఐఎంటీ. క్లచ్ పెడల్ ఉండదు, గేరు కర్ర ఉంటుంది. గేరు మనమే మార్చాలి, క్లచ్‌ను మాత్రం కనపడని యంత్రాంగం చూసుకుంటుంది. మార్చానన్న తృప్తి మనది, వదలడం పట్టడం మరొకరి చేతిలో. ఇది ఏ మంత్రివర్గ వ్యవస్థను పోలి ఉందో చెప్పడం ఢిల్లీ విలేకరికి తగదు. 2021లో ఐ20 ఎన్ లైన్ దీనితో వచ్చింది. 2023లో దాన్ని తీసేసి అసలు మాన్యువల్ పెట్టారు.

స్పోర్టు అంటే మాన్యువలే అన్న నా పట్టుదలకు చరిత్రలో కూడా ఆధారం దొరకలేదు. ఫార్ములా వన్‌లో ఫెరారీ 1989లోనే స్టీరింగు వెనక మీటలతో గేర్లు మార్చే కారును దింపింది, మొదటి పందెంలోనే గెలిచింది. మన దేశంలో చిన్న స్పోర్టీ కార్ల అభిమానులు ఇప్పటికీ నిట్టూర్చే పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చినప్పుడు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్‌తో మాత్రమే దొరికేది. బలెనో ఆర్‌ఎస్, ఆల్ట్రోజ్ రేసర్ మాన్యువల్‌తో మాత్రమే వచ్చాయి. కంపెనీలకే ఏకాభిప్రాయం లేని చోట నేనొక సిద్ధాంతాన్ని భుజాన వేసుకుని తిరుగుతున్నానన్నమాట.

బీహార్ తొలి విడతకు బయలుదేరే ముందు మరొక షోరూముకు ఒంటరిగా వెళ్లాను. అక్కడ పాతికేళ్ల యువతి కూర్చోబెట్టి, “రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి నడుపుతారు మేడమ్? ఇంట్లో ఇంకెవరు నడుపుతారు?” అని అడిగింది. ఇంత మామూలు ప్రశ్నను అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. డైరీ తీసి చూసుకున్నాను. నెలలో ఇరవై, ఇరవై రెండు రోజులు నిజాముద్దీన్ వంతెన. దూర ప్రయాణం ఒకటీ రెండుసార్లు. ఆరావళి వంపులు, నిజాయితీగా చెబితే, మూడు నెలలకు ఒక ఆదివారం. “నాకు ఎడమ మోకాలు బాగోలేదు. మా అమ్మాయి కూడా నడపాలి. ఆటోమేటిక్ చూపించండి” అన్నాను. ఆ మూడు వాక్యాలు పలకడానికి నాకు ఐదు నెలలు పట్టింది. చెబితే ఆ అమ్మాయి ముఖంలో ఏ మార్పూ లేదు, తాళాలు తేవడానికి లేచింది అంతే.

తర్కం ప్రకారం టార్క్ కన్వర్టరే కొనాలి. నా లెక్కలో ఇరవై రెండు రోజులు దాని వైపే ఉన్నాయి. అయినా నేను డ్యూయల్ క్లచ్ ఐ20 ఎన్ లైన్ కొన్నాను. మాన్యువల్ కంటే లక్ష రూపాయల పైచిలుకు ఎక్కువ. సాయంత్రం ఆరున్నరకు ఆశ్రమ్ నుంచి మూల్‌చంద్ దాకా నడిపి చూశాకే ఒప్పుకున్నాను. ముందు కారు జానెడు జరిగినప్పుడల్లా జరగకుండా, రెండు కార్ల సందు ఏర్పడేదాకా బ్రేకు మీద ఆగి, అప్పుడు కదలడం ఒక్కటే ఈ పెట్టెకు చేయవలసిన మేలు. ఆ సందులోకి ఆటో దూరుతుంది, దూరనివ్వాలి. మిగిలిన ఆ మూడు నెలల ఆదివారం కోసం స్టీరింగు వెనక రెండు మీటలున్నాయి. ఇది పూర్తిగా హేతుబద్ధమైన నిర్ణయమని నేను వాదించడం లేదు.

బ్యాంకులో రుణపత్రాల మీద సంతకాలు పెడుతుంటే లాల్ బహదూర్ శాస్త్రి గుర్తుకొచ్చారు. ప్రధానమంత్రిగా ఉండి 12,000 రూపాయల ఫియట్ కొనడానికి పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు తీసుకున్నారాయన. ఆయన మరణించాక లలితా శాస్త్రి తన పింఛను నుంచి ఆ బాకీ తీర్చారు. ఆ ఫియట్‌కు గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది.

బీహార్ ఫలితాలు వచ్చిన మరుసటి వారం కారు ఇంటికొచ్చింది. మొదటి రోజు సిగ్నల్ దగ్గర నా ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెదికి, వెడల్పాటి బ్రేకు పెడల్‌ను బలంగా తొక్కింది. వెనక వాళ్లు ఏమన్నారో అద్దాలు మూసి ఉండటం వల్ల వినపడలేదు. ఇప్పుడు ఆ కాలిని వెనక్కి మడిచి కూర్చోవడం నేర్చుకున్నాను. మా అమ్మాయి నిన్న బారాపుల్లా ఎక్కింది, దిగింది, ఏమీ అనలేదు. దిగాక ఇండియా గేట్ వైపు తిప్పింది, నేను అడగలేదు.

పాత కారును నిరభ్యంతర పత్రంతో వేరే రాష్ట్రానికి పంపడానికి ఒక వ్యాపారి కొన్నాడు. తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడికి దాని రెండో గేరు కాస్త మొండిదని, ముందు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆపి వేయాలని చెప్పాను. తల ఊపాడు. గేటు దాటి, వీధి చివర మలుపు తిరిగేదాకా మొదటి గేరులోనే పోయాడు. ఇంజను అడుగుతూనే ఉంది. బాల్కనీలో నిలబడిన నా ఎడమ కాలు దానంతటదే నేలను అదిమింది.